"అప్పగింపబడిన రాత్రి": ఆంగ్ల బైబిలు ఉపవాక్యములలో కర్మణి ప్రయోగము – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

ప్రభురాత్రి భోజన సంస్కారము జరిగే ప్రతి ఆరాధనలోను ఒక చిన్న ఉపవాక్యము మన చెవిని పడుతుంది. మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయము 23వ వచనములో ఉన్న ఆ మాటను కాపరి రొట్టెను చేతికి తీసుకొనకముందే చదువుతాడు. మన సంఘములలో తరతరాలుగా చదువుతున్న పాత తెలుగు అనువాదములో అక్కడి క్రియారూపము "అప్పగింపబడిన". అయితే ఇంగ్లీషు బైబిలు ఎదుట పెట్టుకొని తెలుగులో ప్రసంగించే యౌవన సేవకులలో కొందరు దీనిని "ద్రోహము చేయబడిన రాత్రి" అని, మరికొందరు ఇంకా తేటగా "యూదా మోసగించిన రాత్రి" అని చెబుతున్నారు. వారిని తప్పుపట్టుట సులభమే. వారి చేతిలోని ఆంగ్ల అనువాదములలో అనేకము "బిట్రేయ్డ్" అనే మాటనే వాడినవి. వారు దానినే తెలుగు చేశారు.

ఇది ఒక మాటకు సంబంధించిన చిన్న తగవు కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. ఇంగ్లీషు ఉపవాక్యములో కర్మణి ప్రయోగము వచ్చినప్పుడు పని చేసినవాడు, అనగా కర్త, తెర వెనుకకు పోతాడు. తెర వెనుక ఎవరున్నారో నిర్ణయించే బాధ్యత అప్పుడు చదువరి మీద పడుతుంది. ఆ నిర్ణయములో పొరపాటు జరిగితే దేవుని కార్యము మనిషికి, మనిషి పాపము దేవునికి అంటగట్టే ప్రమాదమున్నది. కాబట్టి వ్యాకరణము ఇక్కడ దైవశాస్త్రమునకు పనిముట్టు. కొన్ని వాక్యభాగములను ఆధారముగా తీసుకొని ఈ సంగతిని పరిశీలించుదము.

1. ఇంగ్లీషుకు కర్మణి ఎందుకు అవసరము?

కర్తరి ప్రయోగములో పని చేసినవాడు వాక్యమునకు తల. కర్మణి ప్రయోగములో పని ఎవరి మీద జరిగినదో వారు తల. ఇది మనందరము బడిలో నేర్చుకొన్నదే. అయితే ఇంగ్లీషు ఉపవాక్యములలో కర్మణి ఇంత విరివిగా రావడానికి రెండు కారణములున్నవి. వాటిని గుర్తించనిదే అనువాద సమస్య అర్థము కాదు.

మొదటి కారణము: ఇంగ్లీషు వాక్యము సాధారణముగా కర్తృపదము లేకుండ నిలువదు. తెలుగులో "నిన్న రాసిన ఉత్తరము" అంటే చాలు. ఎవరు రాశారో చెప్పనవసరము లేదు, "రాయబడిన" అననవసరము అంతకన్నా లేదు. మన క్రియాజన్య విశేషణము "రాసిన" అన్నది రాసిన మనిషికీ రాసిన ఉత్తరమునకూ సమానముగా సరిపోతుంది. ఇంగ్లీషుకు ఆ వెసులుబాటు లేదు. రాసినవారిని చెప్పకుండ ఉత్తరమును గురించి చెప్పవలెనంటే "విచ్ వాజ్ రిటెన్" అని కర్మణిలోనికి దిగవలసినదే.

రెండవ కారణము: ఇంగ్లీషు ఒక వ్యక్తిని గురించి మాట్లాడడము మొదలుపెట్టిన తరువాత, వీలైనంతవరకు ప్రధాన వాక్యములోను ఉపవాక్యములోను అదే వ్యక్తిని తలగా నిలుపుతుంది. యేసు ప్రధాన వాక్యమునకు కర్త అయితే, ఆయన మీద ఇతరులు చేసిన పనిని చెప్పే ఉపవాక్యములో కూడ ఆయననే తలగా ఉంచుటకు కర్మణి తోడ్పడుతుంది. ఇది కర్తను దాచవలెనన్న కుట్ర కాదు, చదువరి దృష్టి చెదరకుండ ఉంచే పద్ధతి. అయినను ఫలితము మాత్రము ఒకటే: పని చేసినవాడు కనబడడు.

ఈ రెండు కారణములను బట్టి ఒక సూత్రము చెప్పుకొనవచ్చును. ఇంగ్లీషులో కర్మణి కనబడిన ప్రతి చోట తెలుగులో "బడు" రావలసిన అవసరము లేదు. అలాగే "బడు" తీసివేసిన ప్రతి చోట అర్థము చెడదనియు లేదు.

2. "ఆఫ్", "బై" అనే రెండు చిన్న మాటలు

మత్తయి 1:22ను చూడుడి. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ అనువాదములో అక్కడి సంబంధ ఉపవాక్యము కర్మణిలో ఉన్నది. దానిలో ప్రభువునకు ముందు "ఆఫ్", ప్రవక్తకు ముందు "బై" అనే విభక్తి పదములు ఉన్నవి. నేటి ఇంగ్లీషు చదువుకొన్న విద్యార్థి దీనిని ఎట్లు అర్థము చేసికొంటాడు? "బై" వచ్చినది గనుక పలికినవాడు ప్రవక్త అనుకొంటాడు. "ఆఫ్" వచ్చినది గనుక ప్రవక్త ప్రభువును గురించి పలికెననుకొంటాడు. అర్థము తలక్రిందులైనది.

ఆనాటి ఇంగ్లీషులో కర్మణి వాక్యపు కర్తను "ఆఫ్"తో చెప్పుట మామూలు. ఇక్కడ "బై" అన్నది సాధనమును, అనగా "ద్వారా" అనే అర్థమును ఇస్తుంది. గ్రీకు మూలము ఈ తేడాను స్పష్టముగా పాటిస్తుంది. ప్రభువునకు "హుపో" అనే పదము, ప్రవక్తకు "దియ" అనే పదము వాడబడినవి. పలికినవాడు ప్రభువు, ప్రవక్త ఆయన నోరు. లేఖన ప్రేరేపణను గూర్చిన సిద్ధాంతమంతయు ఈ రెండు చిన్న మాటల మీద ఆనుకొని ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

మన పాత తెలుగు అనువాదకులు ఇక్కడ ఏమి చేశారు? వారు కర్మణిని విడిచి ప్రభువునే కర్తగా నిలిపి "పలికిన" అని కర్తరిలో రాశారు, ప్రవక్తకు "ద్వారా" చేర్చారు. గ్రీకు చెప్పిన సంగతి ఒక్కటియు పోలేదు, వాక్యము తెలుగువాని నోట తిరిగే వాక్యమైనది. కర్త ఎవరో మూలములోనే తెలిసినప్పుడు కర్తరిలో చెప్పుటయే తెలుగునకు మేలు అనుటకు ఇది మంచి నిదర్శనము. ఈ "ఆఫ్" సంగతి మరచినవారు మొదటి కొరింథీ 15:5లో కూడ తడబడుతారు. అక్కడ కింగ్ జేమ్స్ అనువాదము కేఫాకు ముందు పెట్టిన "ఆఫ్" కూడ "చేత" అనే అర్థమిచ్చేదే.

3. అప్పగింపబడిన రాత్రి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మొదటి కొరింథీ 11:23లోని గ్రీకు క్రియ "పరదిదోమి" అనే ధాతువు నుండి వచ్చినది. దాని మూలార్థము చేతికి ఇచ్చుట, అప్పగించుట. ద్రోహి అనే అర్థమునకు గ్రీకులో వేరే మాట ఉన్నది. లూకా 6:16లో ఇస్కరియోతు యూదాకు ఆ మాట, "ప్రొదొతేస్", వాడబడినది. పౌలు ఇక్కడ ఆ మాటను గాని దాని సంబంధమైన క్రియను గాని వాడలేదు.

అంతకన్న ముఖ్యమైన సంగతి, పౌలు ఈ ఒక్క వచనములోనే అదే ధాతువును రెండుసార్లు వాడుతాడు. ప్రభువు నుండి తాను పొందినదానిని కొరింథీయులకు అప్పగించితినని కర్తరిలో ఒకసారి, ప్రభువు అప్పగింపబడెనని కర్మణిలో మరొకసారి. ఆంగ్ల అనువాదములలో అనేకము మొదటి చోట "డెలివర్డ్" లేక "పాస్డ్ ఆన్" అని, రెండవ చోట "బిట్రేయ్డ్" అని వేరువేరు మాటలు పెట్టినవి. ఇంగ్లీషు మాత్రమే చదివినవానికి ఈ రెంటి మధ్యనున్న బంధము ఎన్నటికి కనబడదు. మన తెలుగు అనువాదము రెండు చోట్లను "అప్పగించు" అనే ధాతువునే నిలిపినది. ఇది మన పూర్వికులు మనకిచ్చిన గొప్ప ఆస్తి. ప్రభువు అప్పగింపబడెను, ఆ వార్త సంఘమునకు అప్పగింపబడెను. బల్ల యొద్ద ఈ రెండును కలిసికొనుచున్నవి.

అప్పగించినది ఎవరు? వాక్యము చెప్పదు. సువార్తలు చదివితే ఒక గొలుసు కనబడుతుంది. మార్కు 14:10లో యూదా ఆయనను అప్పగించుటకు వెళ్లుతాడు. 15:1లో ప్రధానయాజకులు పిలాతుకు అప్పగిస్తారు. 15:15లో పిలాతు సిలువకు అప్పగిస్తాడు. మూడు చోట్లను ధాతువు ఒకటే. రోమా 8:32లో తండ్రి తన కుమారుని అప్పగిస్తాడు, గలతీ 2:20లో కుమారుడు తన్ను తానే అప్పగించుకొంటాడు. అక్కడను అదే ధాతువు. యెషయా 53వ అధ్యాయపు గ్రీకు అనువాదములో కూడ ప్రభువు సేవకుని అప్పగించుటను గూర్చి ఇదే క్రియ వాడబడినది. రిచర్డ్ హేస్ 1997లో ప్రచురించిన మొదటి కొరింథీ వ్యాఖ్యానములో యెషయా గ్రంథపు ధ్వనిని ఇక్కడ వినవలెనని సూచించారు. కతోలిక సంఘములో వాడుకలో ఉన్న న్యూ అమెరికన్ బైబిలు "హ్యాండెడ్ ఓవర్" అని అనువదించి ఈ ద్వారమును తెరచి ఉంచినది.

ఎదుటి పక్షమువారి వాదనను కూడ న్యాయముగా వినవలెను. వారు అడిగే ప్రశ్న ఇది: వచనములో "రాత్రి" అని కాలము స్పష్టముగా ఉన్నది కదా? ప్రధానయాజకులు పిలాతుకు అప్పగించినది ఉదయమున. రాత్రి జరిగినది యూదా చేసిన పనియే. కాబట్టి "బిట్రేయ్డ్" అనుటలో తప్పేమి? ఈ వాదనలో బలమున్నది. పౌలు చరిత్రలో జరిగిన ఒక నిజమైన రాత్రిని గూర్చి మాట్లాడుచున్నాడు, ఆ రాత్రి యూదా చేసిన పనిని ఎవరును కొట్టివేయలేరు. అయితే పౌలు తన పత్రికలలో ఎక్కడను యూదా పేరెత్తలేదు. ఈ క్రియకు కర్తను ఆయన పేర్కొన్న చోట్ల, క్రీస్తు మరణమును గూర్చి మాట్లాడునప్పుడు, ఆ కర్త తండ్రియో కుమారుడో. పైగా ఇక్కడి గ్రీకు కాలము జరుగుతూ ఉన్న పనిని సూచిస్తుంది. ఆ రాత్రి మొదలైన అప్పగింత ఆ రాత్రితో ముగియలేదు. కాబట్టి యూదాను మినహాయించనవసరము లేదు, యూదా దగ్గరనే ఆగిపోనవసరమును లేదు. "అప్పగింపబడిన" అనే మాట ఈ రెంటికిని చోటిస్తుంది. "ద్రోహము చేయబడిన" అనే మాట ఒక దానికే చోటిస్తుంది.

"పరదిదోమి" తనంతట తానే ద్రోహమును సూచించదనుటకు మార్కు 1:14 మరొక సాక్ష్యము. అక్కడ కాలమును తెలిపే భాగములో యోహానుకు ఇదే క్రియ కర్మణిలో వాడబడినది. యోహానుకు ఎవరును ద్రోహము చేయలేదు. కింగ్ జేమ్స్ అనువాదము చెరసాలలో వేయబడెనని, తరువాతి ఆంగ్ల అనువాదములలో కొన్ని బంధింపబడెనని రాసినవి. మన తెలుగు కూడ "చెరపట్టబడిన" అని వారి బాటనే పట్టినది. ఫలితముగా యోహాను అప్పగింతకును యేసు అప్పగింతకును మార్కు వేసిన ముడి మన చదువరికి కనబడదు. ముందు నడచినవాడు అప్పగింపబడెను, వెనుక వచ్చువాడును అప్పగింపబడును. 11:23లో పాత తెలుగును మెచ్చుకొన్న మనము ఇక్కడ అది కోల్పోయినదానిని కూడ ఒప్పుకొనవలెను.

ఇంకొక సంగతి గమనార్హము. ఆ వాక్యములో యేసు ఉపవాక్యమందు కర్మణికి లోబడినవాడు, ప్రధాన వాక్యమందు కర్తరికి తల. అప్పగింపబడినది ఆయనే, రొట్టెను ఎత్తికొన్నదియు ఆయనే. ఇతరులు ఆయనను చేతులు మార్చుచున్న ఆ రాత్రియే ఆయన తన చేతులతో విరచి ఇచ్చుచున్నాడు. వ్యాకరణము ఇంత చక్కగా సువార్తను ప్రకటించే చోటు మరొకటి అరుదు.

4. "ఈజ్ రిజెన్" కర్మణి కాదు

పునరుత్థాన పండుగ ప్రసంగములలో తరచుగా దొర్లే పొరపాటు ఒకటున్నది. కొలస్సీ 3:1లోని షరతు ఉపవాక్యమును కింగ్ జేమ్స్ అనువాదము "బి రిజెన్" అనే రూపములో ఇచ్చినది. "బి" తరువాత భూతకాల రూపము వచ్చినది గనుక ఇది కర్మణి అని విద్యార్థులు రాస్తారు. కాని "రైజ్" అనేది అకర్మక క్రియ, దానికి కర్మణి ఉండదు. పాత ఇంగ్లీషు వాడుకలో రాకపోకలను, స్థితి మార్పును తెలిపే క్రియలకు "హావ్" స్థానములో "బి" వచ్చేది. "ఈజ్ రిజెన్" అంటే "లేచియున్నాడు" అని అర్థము, "లేపబడెను" అని కాదు. లేపుట అనే సకర్మక క్రియ "రెయిజ్", దాని కర్మణి రూపము "వాజ్ రెయిజ్డ్". కొలస్సీ 3:1లో గ్రీకు క్రియ కర్మణిలోనే ఉన్నది. మన తెలుగులో "లేపబడినవారైతే" అని సరిగా వచ్చినది. అంటే ఇక్కడ కింగ్ జేమ్స్ మీద ఆధారపడినవాడు, కర్మణి కాని రూపమును కర్మణి అనుకొని, పొరపాటున సరియైన చోటికి చేరుతాడు! అయితే పొరపాటు దారిలో ఎల్లప్పుడు గమ్యము దొరకదు.

మొదటి కొరింథీ 15:3-5లో సువార్త సారాంశము వరుస ఉపవాక్యములలో ఉన్నది. మృతిపొందుట కర్తరి, సమాధి చేయబడుట కర్మణి, లేపబడుట కర్మణి. కింగ్ జేమ్స్ అనువాదము మూడవదానిని కర్తరిలో "రోజ్" అని మార్చినది. 1946లో వచ్చిన రివైజ్డ్ స్టాండర్డ్ క్రొత్త నిబంధన, తరువాత న్యూ ఇంటర్నేషనల్, 2001 నాటి ఇంగ్లీష్ స్టాండర్డ్ మొదలగునవి కర్మణిని తిరిగి నిలిపినవి. తెలుగు "లేపబడెను" అని మొదటి నుండి మూలమును పాటించినది. లేపినది ఎవరు? అదే అధ్యాయము 15వ వచనములో పౌలు దేవుడే క్రీస్తును లేపెనని కర్తరిలో చెప్పుచున్నాడు. కర్మణి అడిగిన ప్రశ్నకు కర్తరి జవాబిచ్చినది. ఉపవాక్యములోని దాగిన కర్తను వెదకుటకు ఇదియే నమ్మదగిన మార్గము: దగ్గరలోనే అదే గ్రంథకర్త అదే క్రియను కర్తరిలో వాడినాడేమో చూచుట.

అయితే గ్రీకులో కర్మణి రూపము ఉన్నంత మాత్రమున కర్మణి అర్థము ఉన్నదని చెప్పలేము. మత్తయి 25:7లో కన్యకలు లేచుటను చెప్పే క్రియకు రూపము ఇదే కర్మణి, వారిని ఎవరో లేపి నిలువబెట్టిరని అర్థము కాదు. మత్తయి 28:6లో తెలుగు "లేచియున్నాడు" అనుటకు కూడ ఆ విధమైన సమర్థన ఉన్నది. యోహాను 10:18లో ప్రభువు తన ప్రాణమును తిరిగి తీసికొనుటకు తనకు అధికారము కలదని చెప్పెను గనుక కర్తరి దైవశాస్త్రమునకు విరుద్ధమును కాదు. కాబట్టి ఒక రూపమును పట్టుకొని సిద్ధాంతమును నిర్మించరాదు, సందర్భమును చూడవలెను.

5. కారణమును తెలుపు ఉపవాక్యములు: ధన్యతలు

మత్తయి 5వ అధ్యాయములోని ధన్యతలలో రెండవ భాగము కారణమును తెలుపును. 4, 6, 7, 9 వచనములలో గ్రీకు క్రియలు నాలుగును కర్మణి. తెలుగు అనువాదము ఒకే పద్ధతిని పట్టుకొని వ్రేలాడలేదు. "ఓదార్చబడుదురు", "తృప్తిపరచబడుదురు" అని రెండు చోట్ల "బడు" వాడి, 7వ వచనములో "పొందుదురు" అని మార్చినది. కింగ్ జేమ్స్ కూడ అక్కడ కర్మణిని విడిచి "అబ్టెయిన్" అనినది.

ఓదార్చువాడు ఎవరు? దేవుడే. దీనిని పండితులు "దైవ కర్మణి" అంటారు. యోవాకిమ్ యెరెమియాస్ 1971 నాటి తన క్రొత్త నిబంధన దైవశాస్త్ర గ్రంథములో యేసు పలుకులలో ఇట్టి ప్రయోగములు సుమారు 100 ఉన్నవని, దేవుని నామమును ఉచ్చరింపకుండుటకు యూదులు పాటించిన భక్తి మర్యాద దీనికి మూలమని వివరించారు. మన సెమినరీలలో ఈ వివరణను దాదాపు సూత్రము వలె కంఠస్థము చేస్తాము. కాని డేనియల్ వాలెస్ 1996లో తన గ్రీకు వ్యాకరణములో దీనిని ప్రశ్నించారు. సందర్భమును బట్టి కర్త తేటగా తెలిసినప్పుడు చెప్పకుండ విడుచుట కర్మణికి సహజమే, దీనికి ప్రత్యేక విభాగము అవసరము లేదన్నది ఆయన వాదన సారాంశము.

ఈ విషయములో ధన్యతలే మనకు తీర్పరులు. 8వ వచనములో యేసు దేవుడు అనే మాటను సంకోచము లేకుండ పలికెను, 9వ వచనములోను పలికెను. నామమును తప్పించుటయే ఉద్దేశమైతే ఆ రెండు చోట్ల ఏల తప్పించలేదు? కాబట్టి భక్తి మర్యాద అన్నది పూర్తి జవాబు కాదు. దుఃఖపడువారు, ఆకలిగొనువారు వాక్యమునకు తలగా నిలువవలెను, వారి మీదనే దృష్టి ఉండవలెను అన్నది ఇంకొక కారణమై యుండవచ్చును.

10వ వచనమును మరువరాదు. అక్కడ హింసింపబడువారిని గూర్చి చెప్పబడినది. ఆంగ్లములో అది "ఆర్ పెర్సిక్యూటెడ్" అనే కర్మణి సంబంధ ఉపవాక్యము. హింసించువాడు దేవుడా? కాదు. అదే ధన్యతల పట్టికలో, కొన్ని వచనముల దూరములోనే, ఒక కర్మణి వెనుక దేవుడున్నాడు, మరొక కర్మణి వెనుక మనుష్యులున్నారు. 11వ వచనమునకు వచ్చుసరికి యేసు కర్తరికి మారి, నిందించి హింసించువారిని వెలుగులోనికి తెచ్చుచున్నాడు. గ్రీకులో అక్కడ కర్తృపదము లేదు, బహువచన క్రియ మాత్రమే ఉన్నది. కింగ్ జేమ్స్ "మెన్" అని, తెలుగు "జనులు" అని చేర్చుకొన్నవి. ప్రతి కర్మణిని దైవ కర్మణి అని ప్రకటించే ప్రసంగీకులు ఈ ఒక్క వచనము దగ్గర ఆగి ఆలోచించుట మంచిది.

6. తెలుగునకు కర్మణి ఉన్నదా?

బిషప్ రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ప్రచురించిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణములో ఈ భాషలకు అసలైన కర్మణి ప్రయోగము లేదని చెప్పెను. "బడు" లేక "పడు" అన్నది కర్మణి ప్రత్యయము కాదు, అది వేరొక క్రియ. పడుట, అనుభవించుట దాని అర్థము. దెబ్బలు పడతాము, బాధ పడతాము, సిగ్గు పడతాము. వీటిలో ఏదియు కర్మణి కాదు. "కనబడు" అన్నప్పుడు కూడ "ఒకరిచేత చూడబడు" అని మనకు తోచదు, కనబడినవాడే ముందుకు వచ్చినట్లు తోస్తుంది.

విచిత్రమేమంటే, మొదటి కొరింథీ 15:5లో గ్రీకు క్రియ సరిగా ఇట్టిదే. రూపము కర్మణి, భావము మాత్రము ప్రత్యక్షమగుట. ఆదికాండము 12:7 గ్రీకు అనువాదములో ప్రభువు అబ్రాహామునకు ప్రత్యక్షమైన చోట కూడ ఇదే రూపము. కింగ్ జేమ్స్ దీనిని కర్మణిగా, రివైజ్డ్ స్టాండర్డ్ "అపియర్డ్" అని కర్తరిగా రాసి, రెండు వైపులకు చీలినవి. తెలుగు "కేఫాకు కనబడెను" అనగానే రెండును ఒకే మాటలో ఇమిడినవి. ఇంగ్లీషునకు అందనిది తెలుగునకు సహజముగా అందినది.

మరి "బడు"ను ఎక్కడ విడువవలెను? నేడు మన ప్రార్థనలలోను తర్జుమా ప్రసంగములలోను "క్షమించబడి, కడుగబడి, నింపబడి, పంపబడిన మనము" వంటి వాక్యములు వరుసకట్టి వచ్చుచున్నవి. బయటివాడు వింటే ఇది క్రైస్తవుల తెలుగు అని వెంటనే గుర్తుపడతాడు, అర్థము మాత్రము పట్టుకొనడు. "దేవుడు మనలను క్షమించి, కడిగి, తన ఆత్మతో నింపి పంపెను" అంటే పల్లెటూరి అవ్వకు కూడ తెలియును, పైగా కర్త ఎవరో స్పష్టమగును. కర్త తెలిసిన చోట కర్తను చెప్పుటలో నష్టమేమియు లేదు.

కర్తను తెరచి ఉంచవలసిన చోట కూడ తెలుగునకు మార్గమున్నది. "ఆయనను అప్పగించిన రాత్రి" అని చూడుడి. కర్మకు "ను" ఉన్నది, కర్త లేడు, "బడు" లేదు. వాడుక భాషలో తిరిగి అనువదింపగోరువారికి ఇది అందుబాటులో ఉన్న చక్కని రూపము. అప్పగించినది ఎవరన్న ప్రశ్న అలాగే నిలిచి ఉన్నది. అయితే "తాను అప్పగించిన రాత్రి" అంటే ఆయనే మరొకరిని అప్పగించినట్లగును. కాబట్టి "తాను" నిలుపుకొన్న పాత అనువాదమునకు "బడు" తప్పనిసరి అయినది. ఒక విభక్తి ప్రత్యయము మీద ఇంత భారమున్నది.

7. దాగిన కర్తయు సంఘ బాధ్యతయు

ఈ చర్చ వలన మనకు కలుగు ప్రయోజనమేమి? బల్ల యొద్ద "యూదా మోసగించిన రాత్రి" అని చెప్పినప్పుడు సంఘము వ్రేలు బయటికి చూపుతుంది. దోషము ఒకరిదై పోయెను. చరిత్రలో ఆ వ్రేలు యూదా అనే ఒక్క మనిషి దగ్గర ఆగక యూదుజాతి అంతటి మీదికి మళ్లినది, దాని వలన కలిగిన ద్వేషము మనకు తెలియనిది కాదు. రెండవ వాటికన్ మహాసభ 1965లో క్రీస్తు శ్రమల నేరమును యూదులందరి మీద మోపరాదని ప్రకటించవలసి వచ్చెను. "అప్పగింపబడిన" అని చదివినప్పుడు ప్రశ్న మన యొద్దకు తిరిగి వస్తుంది. ఎవరి చేత? ఎవరి నిమిత్తము? రోమా 4:25లోని సంబంధ ఉపవాక్యము, అది కూడ కర్మణియే, మన అపరాధముల నిమిత్తమని జవాబిస్తుంది.

మరొక వైపు, కర్మణి దోషిని దాచే ముసుగు కూడ కాగలదు. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులు "చంపబడిరి" అని మనము అంటాము. చంపినవారు ఆ వాక్యములో లేరు. "చంపబడినవారి కొరకు ప్రార్థింతము" అని సంఘము ప్రార్థించి ఇంటికి పోవచ్చును. "వారిని చంపినవారు ఎవరు, ఏల చంపిరి" అని అడిగితే ప్రార్థన అంత సుళువుగా ముగియదు. చుండూరు కేసులో 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టినప్పుడు, కర్త లేని కర్మణి వాక్యము ఒక్కటే బాధితుల చేతిలో మిగిలినది. మత్తయి 5:10 నుండి 11కు యేసు నడచిన దారి, అనగా కర్మణి నుండి కర్తరికి నడచుట, మన ప్రకటనకును అవసరము.

దేవుని కార్యము దగ్గర కర్త మాట చెప్పకపోయినను ఆయన మహిమ తగ్గదు. మనుష్యుల దౌర్జన్యము దగ్గర కర్తను చెప్పకపోతే న్యాయము తగ్గుతుంది. ఈ రెంటికి మధ్య వివేచన కావలెను.

ముగింపు

పై పరిశీలనను బట్టి వాక్యపరిచర్య చేయువారికి నాలుగు సూచనలు చేయవచ్చును. ఒకటి, ఇంగ్లీషు ఉపవాక్యములో కర్మణి కనబడినప్పుడు అది నిజముగా కర్మణియేనా అని ముందు చూడవలెను. "ఈజ్ రిజెన్" వంటివి కర్మణులు కావు. రెండు, "బై" వెనుక ఉన్నది కర్తయా సాధనమా అని అడుగవలెను. మూడు, దాగిన కర్తను ఊహతో నింపక, అదే గ్రంథకర్త అదే క్రియను కర్తరిలో వాడిన చోటులను వెదకవలెను. నాలుగు, తెలుగులో చెప్పునప్పుడు "బడు"ను అలవాటుగా గాక అవసరమును బట్టి వాడవలెను.

ఇంగ్లీషు అనువాదములు మనకు మేలు చేసినవి, అందులో సందేహము లేదు. అయితే అవి మూలమునకు మనకు మధ్య నిలిచిన కిటికీలు. కిటికీకి చట్రముండును. మన తెలుగు అనువాదమునకును చట్రమున్నది, మార్కు 1:14లో దానిని చూచితిమి. రెండు కిటికీల నుండి చూచువానికి ఒక దాని చట్రము మరుగుపరచినది రెండవదానిలో కనబడును. వచ్చే ప్రభురాత్రి భోజన ఆరాధనలో ఆ ఉపవాక్యమును చదువునప్పుడు కాపరి ఒక్క క్షణము ఆగి, "అప్పగింపబడిన" అనే మాటను పూర్తిగా పలికి, అటు తరువాత రొట్టెను ఎత్తికొనునుగాక.